తప్పు ఎండది కాదు
మే నెలలో కర్నూలు ఎండ 42 డిగ్రీలు దాటితే, కంప్యూటర్‌లో నీటిని తిప్పి చల్లబరిచే ఏ వాటర్ కూలరూ ప్రాసెసర్‌ను గది వేడికంటే చల్లగా ఉంచలేదు. అది తెలిసిందే. కానీ తమ్ముడి కంప్యూటర్‌లో ప్రాసెసర్ ఏ పనీ చేయకుండానే 90 డిగ్రీలు దాటడం నాకు మింగుడుపడలేదు. కూలర్ గొట్టాలు రెండూ పట్టుకుని చూశాను. ఒకటి చెయ్యి పెట్టలేనంత వేడి, మరొకటి చల్లగా ఉంది! అంటే లోపల నీరు తిరగడం లేదన్నమాట. బయోస్‌లో, అంటే కంప్యూటర్ మొదలవగానే తెరవగలిగే సెట్టింగుల తెరలో, నీటిని తిప్పే పంపు వేగం సున్నా. మదర్‌బోర్డు దగ్గర పంపు తీగ సగం ఊడి ఉంది. గట్టిగా నొక్కగానే గొట్టంలో సన్నని అదురు చేతికి తగిలింది, కాసేపటికి వేడి 50కి దిగింది. ఎంత హాయిగా అనిపించిందో! నీటి వేడిని బయటికి వదిలే రేడియేటర్ రెక్కల మధ్య పేరుకున్న దుమ్మునూ బ్రష్‌తో దులిపాను. దుకాణంలో కూలర్ మొత్తం మార్చాలన్నారట. వేల రూపాయల మాట అది. దయచేసి కొత్తది కొనేముందు ఆ గొట్టాలను ముట్టుకుని చూడండి.