మా తమ్ముడి ఐపీ కేసు, లాయరు గారు అడిగిన ప్రశ్నలు

మా వైపు ఎవరైనా ఐపీ, అంటే అప్పులు తీర్చలేనని కోర్టులో దివాలా పిటిషన్, పెట్టారంటే, డబ్బు దాచుకుని బోర్డు తిప్పేశారనే అనుకుంటారు. తెనాలిలో స్టీలు సామాను కొట్టు నడిపిన మా తమ్ముడి గురించీ అదే మాట విన్నాను. అతను ఎక్కడికీ పారిపోలేదు. 2020 లాక్‌డౌన్‌లో వేసవి ముహూర్తాలన్నీ పోయాయి, సరుకు కదలలేదు. కొట్టు అద్దె, నూటికి రెండు రూపాయల వడ్డీలు మాత్రం ఆగలేదు. పాత ప్రోనోటు తీర్చడానికి కొత్తది రాయడంతో అప్పు కొండంత అయింది.

మొదట కలిసిన లాయరు మా మాట పూర్తిగా వినకుండానే, "ముందు ఇల్లు మీ అమ్మగారి పేరున రాసేయండి, తర్వాత పిటిషన్ వేద్దాం" అన్నారు. నాకు అక్కడ కూర్చోబుద్ధి కాలేదు.

రెండోసారి మా ఊరి కోర్టులోనే ఏళ్లుగా ప్రాక్టీసు చేస్తున్న ఒక పెద్దావిడ దగ్గరికి వెళ్లాం. ఫీజు మాట కన్నా ముందు ఆవిడ తెల్ల కాగితం తీశారు. ఎవరికి ఎంత బాకీ, నోటు ఎప్పటిది, హామీ సంతకం ఎవరిది, ఖాళీ చెక్కులు ఎవరి దగ్గర ఉన్నాయి? "ఒక్క పేరు దాచినా నేనీ కేసు చూడను, బాబూ" అన్నారు. అప్పులవాళ్లందరి పేర్లూ చిరునామాలూ, ఉన్న ఆస్తంతా పిటిషన్‌లో చూపాల్సిందే. మోసపు ఉద్దేశంతో దాస్తే ఏడాది దాకా జైలు శిక్ష పడవచ్చు. పిటిషన్‌కు ముందు రెండేళ్లలో ఊరికే రాసిచ్చిన ఆస్తిని కోర్టు వెనక్కి తేగలదు. అంటే మొదటి లాయరు సలహా మమ్మల్ని నేరుగా చిక్కుల్లోకి నెట్టేదన్నమాట.

2016లో కొత్త దివాలా చట్టం వచ్చింది కదా అని అడిగాను. అందులో వ్యక్తులకు సంబంధించిన భాగాన్ని 2019 డిసెంబరు 1 నుంచి కంపెనీల అప్పులకు హామీ ఇచ్చినవాళ్ల వరకే అమల్లోకి తెచ్చారట. తమ్ముడి లాంటి చిన్న వ్యాపారికి ఇప్పటికీ 1920 నాటి దివాలా చట్టమే దిక్కు. అప్పు 500 రూపాయలుంటే చాలు, తీర్చలేని స్థితిలో ఉన్నవాడు పిటిషన్ వేసుకోవచ్చు. తాను ఉండే చోటనో, వ్యాపారం చేసే చోటనో ఉన్న కోర్టులోనే వేయాలి. మాకది సీనియర్ సివిల్ జడ్జి కోర్టు. ప్రతి వాయిదాకూ విజయవాడ నుంచి లాయరును పిలిపించే స్తోమత మాకెక్కడిది?

ఆవిడ మీద నాకు గురి కుదిరింది మాత్రం, ఐపీ వల్ల కానివేమిటో విడమరిచి చెప్పినప్పుడు. ఇల్లు తాకట్టు పెట్టుకున్న బ్యాంకును అది ఆపదు. చెక్కు బౌన్సు కేసులు క్రిమినల్ కేసులు, వాటి దారి వాటిదే. హామీ సంతకం చేసిన మా వారి బాధ్యత తమ్ముడి ఐపీతో తీరిపోదు. ఈ మాట వినగానే ఇద్దరం మొహాలు చూసుకున్నాం. అయినా ముందే తెలియడం మేలనిపించింది. సివిల్ బాకీల కోసం అరెస్టు చేయకుండా రక్షణ ఉత్తర్వు అడగవచ్చు. దివాలాదారుగా ప్రకటించాక ఆస్తి కోర్టు తరఫున దాన్ని చూసే రిసీవర్ చేతికి పోతుంది. కట్టుబట్టలు, వంట పాత్రలు, మంగళసూత్రం మాత్రం ముట్టుకోరు. మరదలు అంతసేపూ అడగలేక ఊరుకున్నది ఆ చివరి మాట గురించే.

అక్కడితో కూడా అయిపోదు. కోర్టు పెట్టిన గడువులోగా ఆ అప్పుల నుంచి విముక్తి కోసం మళ్లీ దరఖాస్తు చేసుకోవాలి. తాకట్టు లేని బాకీల్లో రూపాయికి ఎనిమిది అణాలైనా, అంటే సగమైనా, రాబట్టే ఆస్తి లేకపోతే, ఆ దుస్థితి తన తప్పు వల్ల రాలేదని రుజువు చేసుకోవాలి. అందుకే లాక్‌డౌన్ నాటి అమ్మకాల పుస్తకాలు, అద్దె రసీదులు, టోకు వర్తకుల బిల్లులు వరుసగా పేర్చి ఆవిడకు అప్పగించాం. పిటిషన్ నెంబరైంది, అప్పులవాళ్లకు నోటీసులు వెళ్లాయి. ఇద్దరు కొట్టు దగ్గరికి వచ్చి కేకలేశారు. తమ్ముడు లోపలికి పోకుండా నిలబడి, జాబితాలో వాళ్ల పేరూ బాకీ మొత్తమూ చూపించాడు.