రిపోర్ట్ నార్మల్, కాలు మాత్రం కింద పెట్టలేను

గంగమ్మ జాతరకి బావమరిది ఇంట్లో విందు. తలకాయ కూర, బోటీ, లివర్ ఫ్రై, సంగటి. మిద్దె మీద, అత్తగారికి తెలియకుండా, రెండు బీర్లు. తెల్లవారుజామున కుడికాలి బొటనవేలు మొదట్లో వాచి నిప్పు కణికలా ఉంది. దుప్పటి అంచు తగిలినా కేక పెట్టాను.

తిరుపతిలో మా బైరాగిపట్టెడకి దగ్గర్లోని ఒక క్లినిక్‌కి తీసుకెళ్ళారు. వెంట భార్య, అత్తగారు. రక్తం తీశారు. యూరిక్ యాసిడ్ (రక్తంలో ఎక్కువైతే గౌట్ అనే కీళ్ళవాపు తెచ్చే వ్యర్థం) 6.2. "నార్మలే, గౌట్ కాదు" అన్నాడు డాక్టర్, వేలు ముట్టుకోకుండానే. తర్వాత హాలంతా వినబడేలా అడిగాడు: "రాత్రి ఎంత తాగారు? ఎక్కడ పడ్డారో గుర్తుందా?" నేను పడలేదు మహాప్రభో అంటే నవ్వాడు. అత్తగారు నా మొహం చూడటం మానేసి గోడ మీద క్యాలెండర్ చూడసాగారు. క్రేప్ బ్యాండేజ్ చుట్టి పంపారు, దాంతో నొప్పి రెట్టింపు. సాయంత్రానికి వీధంతా ఒకటే మాట: తాగి పడ్డాడంట!

పది రోజులకి అదే తగ్గింది. నెల తర్వాత ఇంకో కీళ్ళ డాక్టర్‌ని కలిస్తే, నొప్పి ఉన్నప్పుడు రక్తంలో యూరిక్ యాసిడ్ నార్మల్‌గా కనబడొచ్చు, రెండు వారాలాగి మళ్ళీ చూడాలి అన్నారు. చూస్తే 9.1. 6.8 దాటితే సూదుల్లాంటి స్ఫటికాలై కీళ్ళలో చేరుతుందట. ఆ మొదటి రిపోర్ట్ ఇంకా దాచుకున్నాను, ఎవరికైనా చూపించాలని.

ఈలోగా పక్కింటావిడ సలహాతో మా ఇంట్లో కందిపప్పు, పాలకూర, టమోటా బంద్. పప్పు లేని నెల! డాక్టర్ నవ్వి, పప్పు, ఆకుకూరల వల్ల గౌట్ రాదు, మానాల్సింది లివర్, బోటీ, నెత్తళ్ళు, బీరు, కూల్‌డ్రింకులు అన్నారు. పాలు, పెరుగు మంచివేనట. కానీ పథ్యంతో తగ్గేది సుమారు ఒక పాయింటేనట. అందుకే యూరిక్ యాసిడ్ తగ్గించే మందు అల్లోప్యూరినాల్ 100 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి మెల్లగా పెంచారు. నా బీపీ మాత్రలో నీరు తీసే మందు కూడా ఉంది, అదీ యూరిక్ యాసిడ్ పెంచేదే, మార్చారు. ఇప్పుడు 5.4.

మొన్న అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఎక్కాను, మోకాళ్ళ పర్వతంతో సహా. పైనుంచి అత్తగారికి ఫోటో పంపాను.

"నిదానంగా దిగు నాయనా, మళ్ళీ పడేవు" అన్నారు.