మా చిట్టి కనురెప్ప మీద ఎర్రమచ్చ

విశాఖ మర్రిపాలెంలో మా వీధి తల్లులు పసిపిల్లల ఒంటి మీద ఏ ఎర్రమచ్చ కనబడినా ముందు నాకు వాట్సాప్‌లో ఫోటో పంపుతున్నారు. "టీచర్ గారూ, ఇది మీ మనవరాలికి వచ్చినదేనా?" అని అడుగుతారు. నేను డాక్టర్ని కాను. జిల్లా పరిషత్ హైస్కూల్లో సైన్స్ చెప్పి రిటైరయ్యాను. మా చిట్టికి మందు నడిచినన్నాళ్ళూ దగ్గరుండి చూసుకున్నాను కనుక, తెలిసినంతవరకు అందరికీ ఒకేచోట చెబుతున్నాను.

చిట్టి నెల ముందే పుట్టింది. పుట్టినప్పుడు ఒంటి మీద ఏ మచ్చా లేదు. కొన్నాళ్ళకి కుడికంటి పైరెప్ప మీద చిన్న ఎరుపు కనిపిస్తే దోమ కుట్టిందేమో అనుకున్నాం. బారసాల నాటికి అది కందిగింజంత అయింది. తర్వాత ఎత్తుగా, మెత్తగా పెరిగింది. పిల్ల ఏడిస్తే ఇంకా ముదురు ఎరుపెక్కేది.

బారసాలకి వచ్చిన ఒక పెద్దావిడ అందరి ముందూ మా అమ్మాయిని "గ్రహణం నాడు గాని గోక్కున్నావా?" అని అడిగింది. పచ్చి బాలింత. ఆ రాత్రంతా ఏడుస్తూనే ఉంది. ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడుపడదు. తల్లి తిన్న తిండి వల్లో, చేసిన పని వల్లో ఈ మచ్చ రాదు. దీన్ని హెమాంజియోమా అంటారు. రక్తనాళాల లోపలి పొర కణాలు గుంపుగా పెరగడం వల్ల వచ్చే గడ్డ ఇది. క్యాన్సర్ కాదు. నూటికి నలుగురైదుగురు పసివాళ్ళకి వస్తుంది. ఆడపిల్లల్లో, నెల తక్కువ పిల్లల్లో, బరువు తక్కువగా పుట్టినవాళ్ళలో ఎక్కువ. నీళ్ళు పోసే ఆమె నలుగుపిండితో గట్టిగా రుద్దితే పోతుందంది. వద్దే వద్దన్నాను. ఆ చర్మం చిట్లితే పుండు పడుతుంది, రక్తం కారుతుంది. దిష్టిచుక్క కూడా దాని మీద పెట్టనివ్వలేదు.

మొదట చూపించిన చోట "అదే పోతుంది, ఏడాది తర్వాత రండి" అన్నారు. అది అబద్ధమేమీ కాదు. చాలా హెమాంజియోమాలు ఏడాది దగ్గర నుంచి తగ్గడం మొదలై, నాలుగైదేళ్ళకి చాలావరకు అణిగిపోతాయి. కాని అవి పెరిగేది మొదటి నెలల్లోనే. ఐదు నుంచి ఏడు వారాల మధ్య మరీ జోరుగా పెరుగుతాయి, మూడు నుంచి ఐదు నెలలకల్లా పెరగాల్సింది దాదాపు పెరిగిపోతుంది. వీపు మీదో భుజం మీదో చిన్నది ఉంటే ఆగొచ్చు. రెప్ప మీద ఉన్నదానికి ఏడాది ఆగితే ఏం జరుగుతుంది?

ఆరు వారాల టీకాకి తీసుకెళ్ళినప్పుడు అక్కడి పిల్లల డాక్టర్ మచ్చని చూసి, "కన్ను పూర్తిగా తెరుస్తోందా అమ్మా?" అని అడిగారు. అంతకుముందు ఆ ప్రశ్న మమ్మల్ని ఎవరూ అడగలేదు. పసివయసులో రెప్ప కిందికి వాలి కన్నును మూసినా, గడ్డ బరువుకి కంటిగుడ్డు ఆకారం మారినా, మెదడు ఆ కంటితో చూడడం సరిగా నేర్చుకోదట. తర్వాత మచ్చ తగ్గినా చూపు పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. ఆ వారమే కంటి డాక్టర్ దగ్గరికి వెళ్ళాం.

రాసిన మందు పేరు ప్రొప్రనలాల్. చదవగానే గుండె గుభేలుమంది, ఎందుకంటే అది నేను మైగ్రేన్‌కి వేసుకున్న మాత్రే. బీపీకి, గుండెదడకి కూడా ఇస్తారు. రెండు నెలలైనా నిండని పిల్లకా ఇది అని అడిగేశాను. డాక్టర్ ఓపిగ్గా చెప్పారు. 2008లో ఫ్రాన్స్‌లోని బోర్డో నగరంలో డాక్టర్లు గుండె సమస్య వచ్చిన ఒక పసివాడికి ఈ మందు ఇస్తే, అతని ముఖం మీది హెమాంజియోమా మెత్తబడి తగ్గడం మొదలుపెట్టింది. ఆ తర్వాత పెద్ద పరీక్షలే జరిగాయి. ఆరు నెలలు మందు వాడిన పిల్లల్లో నూటికి 60 మందికి మచ్చ పూర్తిగానో దాదాపు పూర్తిగానో పోయిందని 2015లో తేలింది. పోల్చి చూడ్డానికి మందు లేని ఉత్తి ద్రవం వాడినవాళ్ళలో అలా జరిగింది నూటికి నలుగురికే. ఈ మందుకి మూలపురుషుడు జేమ్స్ బ్లాక్‌కి 1988లో నోబెల్ వచ్చింది. నాకు అప్పుడు ధైర్యం వచ్చింది.

నెల తక్కువ పిల్ల కనుక ఆసుపత్రిలో పెట్టుకునే మొదలుపెట్టారు. ముందు ఈసీజీ తీశారు. డోసు పడిన తర్వాత గంటకోసారి గుండె వేగం, బీపీ చూశారు. ఇంటికొచ్చాక అసలు పని మాది. సిరప్ దొరకలేదు. 10 మిల్లీగ్రాముల మాత్రని నీళ్ళలో ఎలా కరిగించాలో, సూది లేని సిరంజితో ఎంత పట్టాలో నర్సమ్మ చేయించి చూపించింది. ఇది డాక్టర్ లెక్క కట్టి చెప్పాకే చెయ్యాలి, ఎవరినో చూసి కాదు. డోసు పిల్ల బరువుని బట్టి ఉంటుంది, బరువు పెరిగితే మారుతుంది.

ఒక్కటి మాత్రం గట్టిగా గుర్తు పెట్టుకోండి. ఖాళీ కడుపుతో ఈ మందు ఇవ్వకూడదు. రక్తంలో చక్కెర పడిపోతుంది. పాలు తాగుతుండగానో తాగగానేనో ఇవ్వాలి, రాత్రి కూడా మధ్యలో లేపి పాలు పట్టాలి. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే, పాలు మానేస్తే డోసు ఆపి డాక్టర్‌కి ఫోన్ చెయ్యాలి. పిల్లికూతలు వచ్చినా అంతే. ఒళ్ళు చెమట పట్టి, వణికి, లేపినా లేవకపోతే ఆలోచించకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి. చిట్టికి అరికాళ్ళు చల్లబడేవి, నిద్ర చెదిరేది. అంతకుమించి ఏమీ రాలేదు. అయినా జలుబు చేసిన ప్రతిసారీ మా అందరికీ టెన్షనే. అల్లుడికి స్టీల్‌ప్లాంట్‌లో షిఫ్టులు, అమ్మాయి అలిసిపోయేది. అందుకని డోసు వేసిన టైము, పాలు తాగిన టైము నేనే నోట్‌బుక్‌లో రాసేదాన్ని, ఒకే డోసు ఇద్దరు వేసేయకుండా.

కొద్ది రోజుల్లోనే ఎరుపు వాడింది. తర్వాత మధ్యలో బూడిదరంగు మొదలైంది. కన్ను తెరుచుకుంది. బాగుంది కదా అని మానేద్దామనిపిస్తుంది, కాని తొందరగా ఆపితే కొందరికి మళ్ళీ పెరుగుతుంది. మాకు ఏడాది నిండే దాకా వాడి, నెమ్మదిగా తగ్గించి ఆపారు. ఇప్పుడు రెప్ప మీద సన్నని ఎర్రగీతలు, కాస్త వదులు చర్మం మిగిలాయి.

ఎర్రమచ్చలన్నీ ఒకటి కావు. మెడ వెనక, నుదుటి మీద లేతగా ఉండే సాల్మన్ ప్యాచ్‌కి చాలావరకు ఏ మందూ అక్కర్లేదు. పోర్ట్‌వైన్ స్టెయిన్ మాత్రం పుట్టుకతోనే చదునుగా ఉండి, పిల్లతో పాటే పెరుగుతుంది, దానంతట అది పోదు. దానికి ప్రొప్రనలాల్ పనిచేయదు, లేజర్ చేస్తారు. నుదురు, పైరెప్ప మీద అది ఉంటే కంటి ప్రెషర్, ఫిట్స్ సంగతి కూడా చూస్తారు. చిన్న, పలచని హెమాంజియోమాకి టిమోలాల్ అనే మందు చుక్కలు పైపూతగా రాస్తారు.

హెమాంజియోమా కంటి దగ్గర, పెదవి మీద, ముక్కు కొన మీద, గడ్డం చుట్టూ, నడుము కింద, డైపర్ కట్టే చోట ఉంటే, లేదా ఒంటి మీద ఐదో అంతకంటే ఎక్కువో ఉంటే ఆగకండి. గడ్డం చుట్టూ ఉన్నప్పుడు గొంతు లోపలా ఉండొచ్చు. ఐదుంటే లివర్‌కి స్కాన్ చేస్తారు. నెల నిండేలోపే స్పెషలిస్టుకి చూపించడం మంచిదని అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2019లోనే చెప్పింది. ప్రైవేటు ఖర్చు భరించలేనివాళ్ళకి విశాఖలోని ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్‌లో పిల్లల విభాగం, చర్మవ్యాధుల విభాగం రెండూ ఉన్నాయి. ఓపీ చీటీ రాయించుకునేటప్పుడే పిల్లకి ఎన్ని వారాలో, నెలలు నిండి పుట్టిందో లేదో చెప్పండి. మచ్చ ఎప్పుడు కనబడిందో తెలిసే పాత ఫోటోలు ఫోన్లో ఉంటే డాక్టర్‌కి చూపించండి.