మినీ ట్రాక్టర్ వెనక అర టన్ను రోలర్

మా నెల్లూరు జిల్లాలో పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు లోపలే కురుస్తాయి. ఆ కాలంలో ఊరి బడి మైదానం గొడ్ల గిట్టల గుంటలతో, బండ్ల చాళ్లతో చిత్తడిగా ఉంటుంది. తర్వాత ఆ ఎర్రమట్టి అలాగే ఎండి బిగుసుకుపోతే పిల్లలు పరిగెత్తలేరు, కాలు మెలిపడుతుంది. సంక్రాంతికి వాలీబాల్, కబడ్డీ పెట్టాలంటే ముందు నేల చదును కావాలి. ఇంత చిన్న పనికి రోడ్డు రోలర్ రాదు, వచ్చినా బాడుగ భరించలేం. మాకు పొదలకూరు దగ్గర నిమ్మతోట ఉంది. చెట్ల సాళ్ల మధ్య దున్నడానికి కొన్న మినీ ట్రాక్టర్ ఉంది. దాని వెనక తగిలించే రోలర్ మనమే చేసుకుందామని పూనుకున్నాను.

బజారులో నీళ్లు నింపుకునే రోలర్లు దొరుకుతాయి. కానీ కాంక్రీటు ఘనపు మీటరుకు దాదాపు 2,400 కిలోలు తూగుతుంది, నీళ్లు 1,000 కిలోలే. మా ఎర్రనేలకు బరువే ముఖ్యం. 200 లీటర్ల డ్రమ్ములో పోసేద్దామని చాలామంది అన్నారు. డ్రమ్ము రేకు పలచన, రాయి తగిలితే సొట్టపడుతుంది. అంతకంటే పెద్ద ఇబ్బంది దాని నడుము చుట్టూ ఉండే రెండు ఉబ్బెత్తు వలయాలు. వాటితో తొక్కిస్తే నేల మీద రెండు గాళ్లు పడతాయి, మైదానానికి అది అసలు పనికిరాదు. చీమకుర్తి నుంచి గ్రానైట్ గుండు తెప్పించమని మా పెద్దనాన్న సలహా ఇచ్చాడు. రాయి మంచిదే, కాంక్రీటు కంటే బరువు కూడా. కానీ దాని నడిమధ్యన నిలువునా బొక్క వేయించడం పెద్ద ఖర్చు.

చివరికి పాత ఇనుము కొట్టులో 20 అంగుళాల వ్యాసమున్న ఇనుప పైపు ముక్క దొరికింది. పావు అంగుళం మందం. మూడడుగులకు కోయించాను. అందులో పట్టే కాంక్రీటు 420 కిలోల పైచిలుకు, ఇనుము 70 కిలోలు, నడిమధ్యన ఇరుసులా ఉండే కడ్డీ, అదే షాఫ్టు, కూడా కలిపితే సుమారు అర టన్ను. ఇంతకంటే పెంచకూడదని నా గట్టి అభిప్రాయం. మినీ ట్రాక్టర్ లాగగలదు కానీ, వెనక నుంచి తోసుకొచ్చే బరువును ఆపడం వేరే సంగతి.

ఈ పనిలో కాంక్రీటు గురించి అందరూ మాట్లాడతారు గానీ, ప్రాణమంతా షాఫ్టులో ఉంది. షాఫ్టు సరిగ్గా నడిమధ్యన లేకపోతే రోలర్ తిరిగినప్పుడల్లా ఫ్రేము ఎగిరెగిరి పడుతుంది. కాంక్రీటు పోశాక దాన్ని సరిచేసే దారి లేదు. అందుకే వెల్డింగ్ షాపులో ఎక్కువ సమయం ఇక్కడే పెట్టాం. 40 ఎంఎం షాఫ్టు తీసుకున్నాం. పైపు అడుక్కి గుండ్రటి ప్లేటు కోసి, మధ్యలో బొక్క పెట్టి వెల్డింగ్ చేశాం. పై అంచుకు ప్లస్ గుర్తులాగా రెండు ఫ్లాట్ పట్టీలు వేసి, వాటి కూడలిలో షాఫ్టును నిలబెట్టాం. ముందు చుక్క వెల్డింగులే, పూర్తిగా అతకలేదు.

తర్వాత రెండు స్టాండ్ల మీద బేరింగులు పెట్టి, ఖాళీ పైపును షాఫ్టుతో సహా వాటి మీద పడుకోబెట్టి చేత్తో తిప్పాం. వెల్డరన్న ఒక సుద్దముక్కను ఇటుక మీద ఆనించి, కదలకుండా పైపుకు వెంట్రుకవాసి దూరంలో పట్టుకున్నాడు. పైపు తిరుగుతుంటే సుద్ద ఒక పక్కనే గీసుకుంది, అవతలి పక్కన తాకనే లేదు. "ఈ పక్క ఉబ్బుంది, షాఫ్టును ఇటే తట్టాలబ్బయ్యా" అని పట్టీ మీద సుత్తితో సన్నగా తట్టాడు. మళ్లీ తిప్పడం, మళ్లీ తట్టడం. గీత పైపు చుట్టూ తెగకుండా పడేదాకా వదల్లేదు. ఆ తర్వాతే పూర్తి వెల్డింగ్. లోపల షాఫ్టుకు అడ్డంగా ఇనుప ముక్కలు, పైపు లోపలి గోడకు 12 ఎంఎం కడ్డీ ముక్కలు కూడా అతికించాం. కాంక్రీటు ఆరాక కొద్దిగా కుంచించుకుంటుంది. ఆ ముక్కలు పట్టుకోకపోతే కొన్నాళ్లకు పైపు ఒకటి, కాంక్రీటు ఒకటిగా తిరుగుతాయి.

నవంబరులో పశువుల కొట్టం కింద పోశాం. షాఫ్టు కొన కిందికి పొడుచుకొని ఉంటుంది కాబట్టి పైపును సిమెంటు ఇటుకల మీద నిలబెట్టి, రసమట్టంతో నిలువు చూసుకున్నాం. సిమెంటు ఒక పాలుకు ఒకటిన్నర పాళ్లు ఇసుక, మూడు పాళ్లు 20 ఎంఎం కంకర. సిమెంటు బస్తాన్నర సరిపోతుంది, రెండు తెచ్చుకుంటే బెంగ ఉండదు. నీళ్లు బస్తాకు 30 లీటర్లు దాటనివ్వకూడదు. నేను చెంబు ఎత్తగానే మా తాపీ మేస్త్రీ "అబ్బయ్యా, ఇంక నీళ్లు పొయ్యబాక, ఇది పిట్టగోడ కాదు" అని ఆపేశాడు. అరడుగు చొప్పున పోస్తూ, కడ్డీతో కుమ్ముతూ, పైపును బయట నుంచి చెక్కసుత్తితో కొడుతూ వచ్చాం. కొట్టిన ప్రతిసారీ పైన బుడగలు లేచి పగిలేవి. బుడగలు ఆగాకే తర్వాతి అరడుగు.

పైన తడి గోనెసంచి కప్పి రోజూ నీళ్లు చల్లాం. మిగతా కాంక్రీటంతా ఇనుము లోపలే ఉంది కాబట్టి దాని తడి ఎక్కడికీ పోదు. 28 రోజులు నిండాక, పక్క పొలానికి వచ్చిన జేసీబీతో బెల్టు వేసి పడుకోబెట్టించాం. అర టన్నును గడ్డపారలతో, మనుషులతో దొర్లించాలని ఎవరూ చూడొద్దు. కాలు పడితే నుజ్జే.

ఫ్రేముకు 75 ఎంఎం ఛానెల్ వాడాం. బేరింగులు 208 నంబరువి, గ్రీజు నిప్పుల్ ఉన్నవి. ఇంత బరువుకు అవి ఆగుతాయా అని అడిగేవాళ్లకు ఒక మాట. రోలర్ బరువు నేల మోస్తుంది. బేరింగుల మీద పడేది ఫ్రేము బరువు, ట్రాక్టర్ లాగే బలం, అంతే. కాకపోతే దుమ్ములో తిరుగుతాయి కాబట్టి గ్రీజు మానకూడదు. వెనక ఒక యాంగిల్ ముక్కను రోలర్‌కు దాదాపు ఆనించి బిగించాం, అంటుకున్న మట్టి గీరుకుపోవడానికి. సుద్దగీత దగ్గర పడ్డ కష్టం ఇక్కడ కనిపించింది. రోలర్ ఎంత తిరిగినా ఆ సందు మారలేదు, నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను.

ట్రాక్టర్‌కు తగిలించేది వెనక కింద ఉండే లాగుడు పట్టీకే, అంటే డ్రాబార్‌కే. పనిముట్లు తగిలించే పై కడ్డీకో (టాప్ లింకు), ఇరుసు కంటే ఎత్తులోనో తగిలిస్తే బరువు లాగేటప్పుడు ముందు చక్రాలు లేచి ట్రాక్టర్ వెనక్కి తిరగబడుతుంది. ఈ ఒక్క విషయంలో ఎవరి మాటా వినొద్దు.

మైదానంలో రోలర్ తిప్పడం చివరి పని. రోలర్ నేలను అదుముతుంది తప్ప గుట్టలు కోయదు. అందుకని ముందు గుంటక తోలి ఉబ్బులు చెక్కి, గుంటలు మట్టితో పూడ్చాం. డిసెంబరు ఆఖరుకు నేల ఇంకా లోపల పచ్చిగా ఉంది. ఎండిన చోట సాయంత్రం నీళ్లు చల్లి మర్నాడు పొద్దున తొక్కించాం. పిడికెడు మట్టి పిసికితే ముద్ద కట్టాలి, నడుమెత్తు నుంచి వదిలితే పగలాలి. ముద్ద అలాగే ఉంటే తడి ఎక్కువ, మట్టి రోలర్‌కు చుట్టుకుంటుంది. అసలు ముద్దే కట్టకపోతే ఎన్నిసార్లు తిప్పినా పైన దుమ్ము తప్ప ఏమీ మారదు. నడక వేగంలో, పోయిన సాలు మీద సగం ఎక్కిస్తూ తోలాలి. మలుపులు వెడల్పుగా తీసుకోవాలి, ఉన్నచోటే తిప్పితే రోలర్ అంచు నేలను గీకేస్తుంది.

సంక్రాంతికి వాలీబాల్ కోర్టులో బంతి ఎక్కడ పడ్డా ఒకేలాగా లేచింది. పిల్లలకన్నా ముందు నేనే వెళ్లి కోర్టంతా బంతి కొట్టి చూశాను.

ఇప్పుడు మా మామ వరి కోతలకు కళ్లం చేసుకోవాలి, రోలర్ ఇమ్మని అడుగుతున్నాడు. ఇస్తానన్నాను. ఆయన పొలానికి దగ్గర దారి చెరువు కట్ట మీదుగా దిగుతుంది, రోలర్‌కు బ్రేకు లేదు. "చుట్టు తిరిగి డొంకదారిన తీసుకెళ్తేనే ఇస్తా మామా, డ్రైవరుగా కూడా నేనే వస్తా" అని చెప్పాను.