మూడు గుంపులు, మూడు వారాల ఓపిక

మా పెరట్లోని నాటు కోళ్లన్నీ ఒకే కాకి (నల్ల ఈకల) పుంజు సంతానం. కూతుళ్లతోనూ అదే జత కట్టేది. ఒక వేసవిలో 13 గుడ్లు పొదగేస్తే ఐదే పిల్లలయ్యాయి, అందులో ఒకదానికి కాలివేళ్లు వంకర. దగ్గరి రక్తం కలవడం వల్లే ఇలా అవుతోందని, వేరే పుంజులను తెచ్చి రక్తం మార్చక తప్పదని అప్పుడు అర్థమైంది.

వేరే ఊళ్ల నుంచి ఒక డేగ (ఎర్ర ఈకల) పుంజునూ ఒక సేతువ (తెల్ల ఈకల) పుంజునూ తెచ్చాను. కోళ్లకు అంటుకునే కొక్కెర తెగులు భయంతో మూడు వారాలు వాటిని దూరంగా ఉంచాను. ఇనుప వలతో మూడు గదులు చేసి, ఒక్కో దానిలో ఒక పుంజును, ఐదేసి పెట్టలను వదిలాను. తెల్లారేసరికి పుంజులు వల గుండానే పొడుచుకుని జుట్లు నెత్తురు చేసుకున్నాయి. పక్క గది కనబడకుండా అడుగున మూడడుగుల ఎత్తున కొబ్బరి మట్టల దడి కట్టాక గానీ శాంతించలేదు.

అసలు పొరపాటు వేరే ఉంది. మర్నాటి నుంచే గుడ్లు పొదిగించడానికి దాచాను. డేగ గదిలో ఉన్నవన్నీ ఎర్ర పెట్టలే. 21 రోజులు పొదిగాక చూస్తే, వాటి గుడ్లలోంచి బొగ్గులాంటి నల్ల పిల్లలు! పుంజును మార్చినా పాత పుంజు బీజం పెట్ట కడుపులో రెండు మూడు వారాలు నిలిచి ఉంటుందని పశువైద్య సహాయకుడు చెప్పాడు. అంత కష్టపడి కట్టిన దడి ఆ పిల్లల విషయంలో ఎందుకూ పనికిరాలేదని చాలా బాధపడ్డాను. ఇప్పుడు పుంజును మార్చిన రోజు గోడ మీద రాసుకుంటాను. మూడు వారాల పాటు ఆ గది గుడ్లన్నీ కూరకే.

గుడ్డు తీయగానే పెన్సిలుతో కా, డే, సే అని రాస్తాను. అయినా పెంకు పగిలాక ఆ రాత ఎవరికి కావాలి? అందుకే ఒక పెట్ట కింద ఒక గది గుడ్లే పెడతాను. పుట్టిన రోజే పిల్ల వేళ్ల మధ్య పొరకు చిన్న రంధ్రం చేస్తాను. గదికొక చోటు. రంధ్రం పూడిపోకుండా వారం పాటు చూసుకోవాలి.

పెట్టపిల్లలు పెరిగాక తల్లి గదిలోనే ఉంటాయి. పుంజులు మాత్రం కాకి గది నుంచి డేగ గదికి, అక్కడివి సేతువ గదికి, సేతువవి కాకి గదికి వెళ్తాయి. ఒకే గదిలో పుట్టిన అన్నాచెల్లెళ్లు జత కట్టే అవకాశం ఉండదు.

కిందటి విడత 13 గుడ్లకు 11 పిల్లలు దిగాయి, అన్నిటి వేళ్లూ తిన్నగా ఉన్నాయి. ప్రస్తుతం సేతువ గది పెట్ట ఒకటి గంప కింద గుడ్లు పొదుగుతోంది. ఇంకా తొమ్మిది రోజులు.