పవర్ ప్లగ్గు విప్పిన ఆదివారం

కార్తీక మాసం, ఆదివారం. ఇవాళ వంటింట్లో ఇండక్షన్ స్టవ్ పెట్టుకునే పవర్ ప్లగ్గు విప్పించాం. కొన్నాళ్లుగా అమ్మ అంటూనే ఉంది, ప్లగ్గు తీస్తుంటే చేతికి వేడిగా తగులుతోందని. స్టవ్ పక్కనే ఉంటే వేడెక్కదా మరి అని నాన్న కొట్టిపారేశారు. నిన్న రాత్రి నేను పాలు కాస్తుంటే వాసన వచ్చింది. ప్లాస్టిక్ సామాను లోలోపల మగ్గుతుంటే పాడైన చేపల్లాంటి వాసనొకటి వస్తుంది. మా ఇంట్లో చేప వండరు. ఇక ఆగలేదు, పొద్దున్నే కరెంటు బాబాయికి ఫోన్ చేశాను.

మా వీధిలో అందరి ఇళ్లకీ ఆయనే పని చేస్తారు. మోపెడ్ వెనక రేకు పెట్టె, అందులో కటింగ్ ప్లేయరు, టెస్టరు, మీటరు, ఈమధ్య కొన్న బ్యాటరీ డ్రిల్లు. ఆయన పని మొదలుపెట్టే తీరు నాకు చాలా ఇష్టం. ముందు కరెంటున్న ప్లగ్గులో టెస్టరు పెట్టి, వెలుగుతోందని చూసుకుంటారు. అప్పుడు మెయిన్ ఆపించి, పని చేసే చోట పెడతారు. టెస్టరే పాడైతే కరెంటున్నా వెలగదు కదా. ఈ ఒక్క అలవాటు నేర్చుకుంటే చాలు, ఎన్నో ప్రాణాలు నిలుస్తాయి. నేను హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను, పిల్లలకి ఓమ్ నియమం కన్నా ముందు ఇది చెబుతాను.

ప్లేటు విప్పితే ఎర్ర వైరు చివర అంగుళం మేర నల్లగా పొక్కిపోయి ఉంది. స్క్రూ వేలితో తిప్పితే తిరిగింది. నలుపు వైరు, ఆకుపచ్చ వైరు బాగానే ఉన్నాయి.

"మరి ఎంసీబీ ఎందుకు పడలేదురా?" అన్నారు నాన్న. ఎంసీబీ అంటే మోతాదు మించి కరెంటు పారితే దానంతటదే పడిపోయే స్విచ్చు.

"అది పడదు అన్నయ్యగారూ. దాని లెక్కలో తప్పేమీ జరగలేదు" అన్నారు బాబాయి.

నిజంగా అంతే. మా స్టవ్ రెండు వేల వాట్లు. 230 వోల్టుల దగ్గర అది తీసుకునేది 8.7 ఆంపియర్లు. ఎంసీబీ 16 ఆంపియర్లది. వదులైన స్క్రూ దగ్గర అర ఓమ్ నిరోధం ఉందనుకుందాం. కరెంటు వర్గాన్ని నిరోధంతో గుణిస్తే దాదాపు 38 వాట్లు. టీవీ మెకానిక్ సీసం కరిగించే సోల్డరింగ్ ఐరన్ మామూలుగా 25 వాట్లది. అంతకన్నా ఎక్కువ వేడి గోరంత చోట, గోడలో, మూత వెనక పుడుతోందన్నమాట. ఆ అర ఓమ్ వల్ల స్టవ్‌కి తగ్గే వోల్టేజి నాలుగు చిల్లర. అన్నం ఒక్క నిమిషం కూడా ఆలస్యం కాదు. షాక్ కొట్టకుండా పెట్టుకున్న 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ కూడా దీన్ని పట్టదు. అది చూసేది ఫేజులో, అంటే ఎర్ర వైరులో వెళ్లినంతా న్యూట్రల్లో, అంటే నలుపు వైరులో తిరిగి వస్తోందా అనే. ఇక్కడ అంతా తిరిగొస్తోంది. అందుకే లూజు కనెక్షన్‌ని పట్టేది అమ్మ చెయ్యీ, మన ముక్కూ. ఇంట్లో ఆడవాళ్లు ప్లగ్గు వేడిగా ఉందంటే ఆ మాటని మీటరు రీడింగులా తీసుకోవాలి. ఈ సంగతి నాన్నకి గట్టిగానే చెప్పాను.

ఒకసారి వదులైంది ఊరుకోదు. స్టవ్ వేసినప్పుడు వేడికి లోహం వ్యాకోచిస్తుంది, ఆపితే సంకోచిస్తుంది. పూట పూటకీ ఇదే. స్క్రూ ఇంకాస్త వదులవుతుంది, రాగి మీద నల్లటి ఆక్సైడు పొర కడుతుంది, నిరోధం పెరుగుతుంది, వేడి ఇంకా పెరుగుతుంది.

బాబాయి కాలిన ముక్క కత్తిరించి, రాగి మెరిసేదాకా వెనక్కి ఒలిచి, కొత్త సాకెట్ బిగించారు. ఒక్కో వైరునీ పట్టుకుని గట్టిగా లాగి చూశారు. అక్కడితో అయిపోతుందనుకున్నా. "ఈ వైరెక్కడ కలిసిందో కూడా చూద్దాం అమ్మాయ్" అని పైనున్న జంక్షన్ బాక్సు మూత తీశారు. మా ఇంటి ముందు భాగం పాతది, అందులో అల్యూమినియం వైరింగు. వంటిల్లు తర్వాత కట్టారు, అందులో రాగి. రెండింటినీ మెలివేసి టేపు చుట్టారెవరో. టేపు విప్పితే తెల్లటి పొడి రాలింది.

అల్యూమినియానికి గాలి తగిలితే చాలు, పైన ఆక్సైడు పొర కడుతుంది. ఆ పొర గుండా కరెంటు పారదు. పైగా రాగినీ అల్యూమినియాన్నీ కలిపి వాటి మధ్య చెమ్మ చేరితే అల్యూమినియం తినేయబడుతుంది. కోనసీమలో చెమ్మకి కొదవేముంది! ఇటు గౌతమి, అటు వశిష్ఠ, మధ్యలో వైనతేయ, దిగువన సముద్రం. ఇంటి చుట్టూ కాలువలు, కొబ్బరితోటలు. వానాకాలం వెళ్లాక కూడా గోడలు ఆరవు. ఉప్పుగాలికి ఇత్తడి స్క్రూల మీద చిలుము పడుతుంది. రాయలసీమలో ముప్ఫై ఏళ్లు నిలిచే జాయింటు మా దగ్గర నిలవదని నా నమ్మకం. మా నేల తడి ఒక్క ఎర్తింగ్‌కి మాత్రం మేలు చేస్తుంది.

అల్యూమినియం ముక్కకి రాగి అతకడం ఇక వద్దన్నారు బాబాయి. మెయిన్ బోర్డు దాకా రాగే వేద్దామన్నారు. పాత వైరు చివర కొత్త వైరు కట్టి, నేను ఇటు నుంచి పైపులోకి తోస్తుంటే ఆయన అటు నుంచి లాగారు. ఒంపు దగ్గర ఆగిపోయింది. అమ్మ కొబ్బరినూనె తేబోతే వద్దన్నారు, కాస్త టాల్కం పౌడరు రాస్తే జారింది. 2.5 చదరపు మిల్లీమీటర్ల ఎరుపు, నలుపు, ఆకుపచ్చ, మూడూ.

బాక్సులో కలిపే చోట ఈసారి టేపు లేదు. నారింజ రంగు మీటలున్న చిన్న కనెక్టర్లు వాడారు. వాగో అని జర్మనీ కంపెనీది ఈ పద్ధతి. 1951లో మిండెన్ అనే ఊళ్లో మొదలైంది. వైరు 11 మిల్లీమీటర్లు ఒలిచి, మీట ఎత్తి, లోపలికి తోసి, మీట దించడమే. లోపలున్న స్ప్రింగు వైరుని ఎప్పుడూ నొక్కిపెట్టే ఉంచుతుంది. లోహం వేడికి సాగినా ముడుచుకున్నా స్ప్రింగూ దానితో పాటు కదులుతుంది. స్క్రూకి ఆ గుణం లేదు. ధర ఎక్కువే, అయినా గోడలో మూసేసి మళ్లీ చూడని చోట పెట్టే సామాను దగ్గర పొదుపు అక్కర్లేదంటాను.

కొత్త బాక్సు బిగించడానికి గోడకి బెజ్జం పెడుతుంటే బ్యాటరీ డ్రిల్లు నీరసపడి ఆగిపోయింది. బాబాయి బ్యాటరీ ఊడదీసి, కొసలు పొడిగుడ్డతో రుద్ది మళ్లీ తొడిగారు. గిర్రున తిరిగింది. అమ్మ ఉప్మా పెట్టింది, తింటూ దాని లెక్క కట్టాం. డ్రిల్లు నాలుగొందల వాట్లు లాగితే 230 వోల్టుల మీద రెండు ఆంపియర్లు కూడా కాదు. 18 వోల్టుల బ్యాటరీ మీద మాత్రం 22 ఆంపియర్లు. వంటింటి స్టవ్‌కి రెండింతలు పైన! వంటింటి స్క్రూ దగ్గర అనుకున్న నిరోధంలో పదో వంతు, అంటే 0.05 ఓమ్ మాత్రమే కొసల మధ్య ఉన్నా 24 వాట్లు అక్కడే వేడిగా పోతాయి. ఒక వోల్టు పైన అక్కడే తగ్గిపోతుంది. 18లో ఒకటి పోతే డ్రిల్లు గుర్తుపడుతుంది. వోల్టేజి తగ్గేకొద్దీ జాయింటు విలువ పెరుగుతుందని పాఠంలో రాయరు గానీ రాయాలి.

బాబాయి దగ్గర రెండో బ్యాటరీ ఉంది, ఛార్జర్‌లో పెడితే ఎర్రలైటు కొట్టుకుంటోంది. విప్పి చూద్దామంటే ఒప్పుకున్నారు. లోపల పది సెల్లులు. ఒక్కోటి 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు, అందుకే 18650 అంటారు. రెండేసి చొప్పున ఐదు జతలు వరసగా కలిపారు. ఒక్కో జత 3.6 వోల్టులు, ఐదైతే 18. నిండుగా ఛార్జయితే 4.2 చొప్పున 21. కొన్ని డ్రిల్లుల మీద 18 అనీ కొన్నింటి మీద 21 అనీ ఉండేది ఇందుకే, ఎక్కువ అంకె చూసి బలం ఎక్కువనుకోకూడదు. మీటరు పెడితే నాలుగు జతలు బాగానే ఉన్నాయి. ఐదో జత మాత్రం రెండు వోల్టులకన్నా కిందికి పడిపోయింది.

"ఆ ఒక్కదానికే విడిగా ఛార్జింగు ఎక్కించి లేపితేనో?" అన్నాను, ఆయన ఏమంటారో చూద్దామని.

"ఆయ్, వద్దమ్మాయ్. చచ్చినదాన్ని లేపితే ఇల్లు తగలేస్తుంది."

సరిగ్గా చెప్పారు. లిథియం అయాన్ సెల్లు అంత కిందికి పడి ఎక్కువకాలం ఉంటే లోపలి రాగి రేకు కరగడం మొదలవుతుంది. తర్వాత ఛార్జి పెడితే ఆ రాగి ఇష్టమొచ్చిన చోట పేరుకుని లోపల్లోపలే షార్టవుతుంది. ఛార్జర్ దాన్ని వద్దనడం మన మంచికే. కొత్త సెల్లు వేయాలన్నా మామూలు సోల్డరింగు పనికిరాదు, ఆ వేడికి సెల్లు దెబ్బతింటుంది. నికెల్ పట్టీని స్పాట్ వెల్డింగ్ చేయాలి. పాత సెల్లుల మధ్య ఒక్క కొత్తది ఇమడదు కూడా.

రోహిణి కార్తె ఎండల్లో మోపెడ్ మీద రేకు పెట్టెలో ఉండటమే ఈ బ్యాటరీలకి పెద్ద గండం. పని అయ్యాక వేడిగా ఉండగానే ఛార్జికి పెట్టకూడదు. వాడని రోజుల్లో నిండుగానూ వద్దు, ఖాళీగానూ వద్దు, సగం ఛార్జితో నీడపట్టున ఉంచాలి. తుఫాను కబురొస్తే మాత్రం రెండూ నిండుగా పెట్టుకుంటానన్నారు బాబాయి. 1996 నవంబరు 6 రాత్రి తుఫానుకి స్తంభాలన్నీ పడిపోయాక రేకులు బిగించడానికి చేతి డ్రిల్లు తిప్పిన మనిషి ఆయన. లిథియం అయాన్ సెల్లుని 1991లో సోనీ మొదట అమ్మకానికి తెచ్చిందనీ, దీనికి పునాది వేసిన గుడ్‌ఇనఫ్, విట్టింగ్‌హామ్, యోషినోలకి 2019లో నోబెల్ ఇచ్చారనీ చెబితే, "ఇవ్వాల్సిందే" అన్నారు. ఆ మాట ఎంత మనస్ఫూర్తిగా అన్నారో!

చచ్చిన బ్యాటరీ కొసలకి టేపు వేసి పక్కన పెట్టించాను. కాలువలో పడేసేవాళ్లని చూశాను, నాకు ఒళ్లు మండుతుంది. ఆ నీళ్లే చేలకి, చెరువులకి వెళ్తాయి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాతవి వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారులది. అమలాపురం వెళ్లినప్పుడు కొన్న షాపులోనే ఇచ్చి అడుగుతానన్నారు, నేనూ వెంట వెళ్తాను.

ఇక మిగిలింది వరండా, ముందుగది. అక్కడంతా అల్యూమినియమే. సంక్రాంతి వెళ్లాక చూద్దామన్నారు నాన్న. పండక్కి అక్కావాళ్లు వస్తే ఆ గదిలోనే కదా పిల్లలు పడుకునేది, ముందే చేయిద్దామన్నాను. అమ్మ నావైపే మాట్లాడింది. 90 మీటర్ల చుట్టలు, ఎరుపొకటి, నలుపొకటి, ఆకుపచ్చదొకటి చీటీ రాసి బాబాయి చేతికిచ్చాను. వచ్చే ఆదివారం పొద్దున్నే వస్తానన్నారు.