30 సెకన్లకు తెగిపోయే కనెక్షన్

చిన్న ఆన్‌లైన్ దుకాణంలో బిట్‌కాయిన్‌తో డబ్బు కట్టే పేజీ తయారు చేయాలి, అదీ నేను పెట్టుకున్న పని. ఏదో ఒక పేమెంట్ గేట్‌వే తగిలిస్తే పూటలో అయిపోయేది. కానీ డబ్బు వచ్చిందో లేదో ఇంకొకరి సర్వర్ చెబితే వినడం నాకు ఇష్టం లేదు. నా సొంత నోడ్‌నే, అంటే బిట్‌కాయిన్ లావాదేవీలను స్వయంగా సరిచూసే నా కంప్యూటర్‌లోని ప్రోగ్రామ్‌నే, అడగాలనుకున్నాను.

అలాంటి నోడ్‌ని నడిపే సాఫ్ట్‌వేర్ బిట్‌కాయిన్ కోర్ ఇన్‌స్టాల్ చేశాను. అసలు చెయిన్‌ని (లావాదేవీలన్నీ రాసి ఉన్న బ్లాకుల వరుస) మొత్తం దాచుకోవాలంటే 600 జీబీకి పైగా కావాలి. అందుకే ముందు రెగ్‌టెస్ట్‌లో మొదలుపెట్టాను. అది మన కంప్యూటర్‌లోనే నడిచే చెయిన్. బ్లాకులు మనమే పుట్టించుకుంటాం, నిజం డబ్బు పోతుందన్న టెన్షన్ ఉండదు.

వెబ్ వైపు ఫ్లాస్క్ అనే పైథాన్ ఫ్రేమ్‌వర్క్, నోడ్‌తో మాట్లాడటానికి పైథాన్ బిట్‌కాయిన్ ఆర్‌పీసీ లైబ్రరీ. ఆర్‌పీసీ అంటే ఒక ప్రోగ్రామ్ ఇంకో ప్రోగ్రామ్‌కి నెట్‌వర్క్ ద్వారా ఆదేశాలు పంపే పద్ధతి. మొదటి ఇబ్బంది పోర్టు దగ్గరే వచ్చింది. మెయిన్‌నెట్ (నిజం డబ్బు నడిచే చెయిన్) ఆర్‌పీసీ పోర్టు 8332, రెగ్‌టెస్ట్‌ది 18443. ఆ సంగతి తెలియక 8332 రాసి, 'కనెక్షన్ రిఫ్యూజ్డ్' అన్న మాటను గంటసేపు చూస్తూ కూర్చున్నాను. పాస్‌వర్డ్ సంగతి తర్వాత వచ్చింది. నోడ్ లేచిన ప్రతిసారీ లాగిన్ వివరాలున్న కొత్త కుకీ ఫైల్ రాస్తుంది. నా వెబ్ యాప్ వేరే యూజర్ కింద నడుస్తోంది కాబట్టి దాన్ని చదవలేకపోయింది. చివరికి కోర్‌తో పాటు వచ్చే ఆర్‌పీసీ ఆత్ స్క్రిప్ట్‌తో పాస్‌వర్డ్‌కి హ్యాష్ (దాని నుంచి లెక్కగట్టిన, వెనక్కి తిప్పలేని కోడ్) తయారు చేసి కాన్ఫిగ్‌లో పెట్టాను. అసలు పాస్‌వర్డ్ యాప్ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో ఉంది, కోడ్‌లో ఎక్కడా లేదు.

వాలెట్ కూడా దానంతట అది పుట్టదు. 0.21 వెర్షన్ నుంచి మనమే తయారు చేసుకోవాలి. తర్వాత 101 బ్లాకులు పుట్టించాను. మైనింగ్‌లో వచ్చిన నాణేలు దాని మీద ఇంకో 100 బ్లాకులు పడితే గానీ ఖర్చుకు రావు కదా. బ్యాలెన్స్ 50 అని పేజీలో కనిపించింది. పని అయిపోయిందనుకుని టీ తాగడానికి వెళ్లాను.

తిరిగి వచ్చి పేజీ రిఫ్రెష్ చేస్తే 'బ్రోకెన్ పైప్', అంటే కనెక్షన్ తెగిపోయింది. యాప్‌ని రీస్టార్ట్ చేస్తే మళ్లీ పనిచేస్తుంది. కాసేపు వదిలేస్తే మళ్లీ అదే. రెండు రోజులు నెట్‌వర్క్‌ని అనుమానించాను, ఫైర్‌వాల్‌ని అనుమానించాను. మూడో రోజు చేతిలో వాచీ పట్టుకుని ఒక్కో రిక్వెస్ట్ మధ్య వ్యవధి మార్చుతూ చూశాను. 20 సెకన్లకు బాగానే ఉంది, 40కి తెగింది. అప్పుడు నోడ్ సెట్టింగులు చదివితే ఆర్‌పీసీ సర్వర్ టైమౌట్ కనిపించింది, మామూలుగా 30 సెకన్లు. ఖాళీగా ఉన్న కనెక్షన్‌ని నోడ్ మూసేస్తోంది. నేనేమో యాప్ మొదలైనప్పుడు ఒక్కసారి తెరిచిన కనెక్షన్‌నే డేటాబేస్ కనెక్షన్‌లా అందరికీ వాడుతున్నాను.

టైమౌట్ పెంచితే చాలు కదా అనిపించింది, పెంచి చూశాను కూడా. అప్పుడు ఇంకో ఎర్రర్ బయటపడింది: ఇద్దరు ఒకేసారి పేజీ తెరిస్తే రెండు థ్రెడ్లు (యాప్‌లో పక్కపక్కనే నడిచే పనులు) ఒకే కనెక్షన్ మీద అడుగుతున్నాయి, జవాబులు అడ్డం పడుతున్నాయి. అందుకని ప్రతి వెబ్ రిక్వెస్ట్‌కీ కొత్త కనెక్షన్ తెరిచి, పని అవగానే వదిలేస్తున్నాను. నోడ్ అదే మెషీన్‌లో ఉంది కాబట్టి దాని ఖర్చు లెక్కలోకి రాదు. రెండు ఎర్రర్లూ ఒకేసారి పోయాయి.

డబ్బు లెక్క విషయంలో మాత్రం నేను మొదటి నుంచీ గట్టిగానే ఉన్నాను. నోడ్ మొత్తాన్ని దశాంశంలో ఇస్తుంది. లైబ్రరీ దాన్ని ఫ్లోట్‌గా (ఉజ్జాయింపుగా దాచే సంఖ్య) కాకుండా డెసిమల్‌గా (ఉన్నదున్నట్టు దాచే సంఖ్య) చదువుతుంది, అది చాలా మంచి పని. బ్రౌజర్‌కి చేరేలోపు నేను దాన్ని సతోషీల్లోకి, అంటే 10 కోట్లతో గుణించిన పూర్ణసంఖ్యలోకి మార్చేస్తాను. 0.1, 0.2 కలిపితే జావాస్క్రిప్ట్ సరిగ్గా 0.3 చూపించకపోవడం చూసినవాళ్లు ఎవరైనా ఇదే చేస్తారు.

ఇంకో విషయంలో రాజీ వద్దని ఈ పని చేయబోయే ప్రతి ఒక్కరినీ బతిమాలుతున్నాను. ఆర్‌పీసీ పోర్టుని 127.0.0.1కి, అంటే అదే మెషీన్‌కి, తప్ప బయటికి తెరవకండి. ఆ దారిలో వెళ్లే మాటలకు ఎన్‌క్రిప్షన్ లేదు. పాస్‌వర్డ్ దొరికినవాళ్లు తెరిచి ఉన్న వాలెట్‌లోని డబ్బు పంపించేయగలరు.

కొత్త బ్లాక్ రాగానే తెలియడానికి జీరోఎంక్యూ అనే సందేశాల లైబ్రరీ పెట్టాను. దాని సందేశాలు ఒక్కోసారి దారిలో జారిపోవచ్చు కాబట్టి, నిమిషానికోసారి యాప్ తనంతట తానే నోడ్‌ని అడిగి సరిచూసుకుంటుంది.

నిన్న రాత్రి ఒక ఆర్డర్ పెట్టి, పేజీ అలాగే వదిలేసి భోజనానికి వెళ్లాను. గంట తర్వాత వచ్చి డబ్బు పంపాను. 'సున్నా కన్ఫర్మేషన్లు' అని వచ్చింది, అంటే ఆ చెల్లింపు ఇంకా ఏ బ్లాక్‌లోనూ చేరలేదు. టెర్మినల్‌లో ఒక బ్లాక్ పుట్టించాను. నేను రిఫ్రెష్ నొక్కకుండానే సున్నా కాస్తా ఒకటైంది. ఇక సిగ్నెట్‌కి (అందరూ కలిసి వాడుకునే పరీక్షా నెట్‌వర్క్) మారాలి, అక్కడ పోర్టు 38332.